పత్తి లోడ్లు మొదలయ్యే ముందు ట్రాలీ స్టీరింగ్ చూసుకోండి

దసరా దాటిందంటే వరంగల్ ఎనుమాముల మార్కెట్ దారి నిండా పత్తి మోసే ట్రాలీ బండ్లే. పత్తి లోడుకు బరువు కన్నా ఎత్తు ఎక్కువ, గాలికి ఊగుతుంది. బరువు వెనక్కి పడితే ముందు చక్రాలు తేలికవుతాయి. ఖాళీ బండిలో తెలియని స్టీరింగ్ లూజు అప్పుడు బయటపడుతుంది. కాకతీయ కాలువ కట్ట మీద బండి జానెడు పక్కకు జరిగినా ప్రమాదమే. అందుకే మొదటి ఏరుడు పత్తి ఇంటికి చేరకముందే ఒక పూట దీనికి కేటాయించండి.

మొదట టైర్లలో గాలి చూడండి. గాలి తగ్గిన టైరు కూడా అచ్చం స్టీరింగ్ లూజులాగే బండిని అటూ ఇటూ తిప్పుతుంది.

తర్వాత చదును నేల మీద చక్రాలు నేరుగా పెట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగి, వెనుక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి. పవర్ స్టీరింగ్ అయితే న్యూట్రల్‌లో ఇంజన్ నడుస్తూ ఉండాలి. టైరు కదిలేదాకా స్టీరింగ్ ఎంత తిరుగుతుందో కొలవండి. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 98వది ఈ ఆట, అంటే టైరు కదలకుండా స్టీరింగ్ ఉత్తగా తిరిగే మేర, 30 డిగ్రీలు దాటొద్దంటుంది. 40 సెంటీమీటర్ల వ్యాసమున్న స్టీరింగ్ అంచు మీద అది దాదాపు 10 సెంటీమీటర్లు. లోడు బండికి అంతవరకు ఆగడం మంచిది కాదు. 3 సెంటీమీటర్లు దాటగానే కారణం వెతకాలి.

వెతకడానికి ఇద్దరు కావాలి. ఒకరు స్టీరింగ్‌ను ఆ ఆట మేరకే మెల్లగా అటూ ఇటూ కదపాలి. రెండోవారు కింద ఒక్కో జాయింట్ మీద చెయ్యి పెట్టి చూడాలి. కాలమ్ కప్లింగ్ (స్టీరింగ్ కడ్డీ అతుకు), స్టీరింగ్ బాక్స్‌ను ఛాసిస్‌కు పట్టే బోల్టులు, డ్రాప్ ఆర్మ్ (బాక్స్ నుంచి దిగే చేయి) నట్టు, డ్రాగ్ లింక్ (ఆ చేతి నుంచి చక్రం వైపు వెళ్లే కడ్డీ), టై రాడ్ (రెండు ముందు చక్రాలను కలిపే కడ్డీ) ఎండ్లు, ఇదే వరుస. ఒక వైపు కదిలి రెండో వైపు కదలడం ఆలస్యమైన చోటే అరుగుదల ఉంది. రబ్బరు క్యాప్ చినిగితే వానాకాలం నీళ్లు, రేగడి బురద లోపలికి చేరి గ్రీసును పోగొట్టి ఉంటాయి. ఆ జాయింట్ ఇప్పుడు గట్టిగానే ఉన్నా ఎక్కువ రోజులు ఆగదు.

ఇక ముందు చక్రాన్ని జాకీతో లేపి, స్టాండ్ పెట్టి, పైనా కిందా పట్టుకొని ఊపండి. లూజు ఉంటే ఒకరిని బ్రేకు తొక్కమనండి. అప్పుడు లూజు పోతే బేరింగ్‌ది, పోకపోతే కింగ్ పిన్ (చక్రం పక్కకు తిరగడానికి ఆధారమైన నిలువు పిన్) లేదా బాల్ జాయింట్‌ది. కుడి ఎడమలుగా పట్టి ఊపితేనే కదిలితే మొదట టై రాడ్ ఎండ్లను అనుమానించండి. కమాన్ కట్టల యూ బోల్టులు, కట్ట చివరి షాకిల్ బుష్‌లు కూడా చూడాలి. అవి వదులైతే యాక్సిలే జరిగి బండి తేలుతుంది.

ఎక్కువమంది చేసే తప్పు, లూజు కనపడగానే స్టీరింగ్ బాక్స్ మీది స్క్రూ బిగించడం. బాక్స్ నేరుగా ఉండే చోటే ఎక్కువ అరుగుతుంది. అక్కడికి సరిపడా బిగిస్తే మలుపులో పట్టేస్తుంది, స్టీరింగ్ తిరిగి నేరుగా రాదు. పైగా అరిగిన టై రాడ్ ఎండ్ అలాగే ఉండి, ఒకరోజు ఊడిపోతుంది. జాయింట్లన్నీ గట్టిగా ఉన్నాయని తేలాకే బాక్స్ జోలికి వెళ్లాలి.

టై రాడ్ ఎండ్ మార్చేటప్పుడు, విప్పే ముందు లాక్ నట్టు దగ్గర పెయింట్ గుర్తు పెట్టి, ఎన్ని చుట్లకు వచ్చిందో లెక్కపెట్టండి. రెండు చివర్లలో ఒకటి ఎడమ మర, అంటే మామూలుకు ఎదురు దిశలో విప్పాలి. నట్టు పూర్తిగా తీయకుండా ఆర్మ్ కన్ను పక్కన సుత్తెతో కొడితే టేపర్ (కన్నులో బిగుసుకున్న వాలు పిన్) వదులుతుంది. మర మీద కొట్టొద్దు. కొత్తది వేసేటప్పుడు టేపర్‌ను పొడిగా తుడవండి, గ్రీసు పెట్టొద్దు. కంపెనీ చెప్పిన టార్క్‌కు (బిగింపు బలానికి) బిగించాక, నట్టు ఊడకుండా పట్టే స్ప్లిట్ పిన్ రంధ్రం కలవకపోతే ఇంకాస్త బిగించాలే గానీ వదులు చేయొద్దు. పిన్ కొత్తదే వాడాలి. పాత జాయింట్‌ను కొట్టి బిగించడం, డ్రాప్ ఆర్మ్‌కు వెల్డింగ్ పెట్టడం, గ్యాస్ వేడితో రాడ్ వంచడం అసలు చేయనివ్వొద్దు. వేడికి ఉక్కు గట్టిదనం మారుతుంది, తర్వాత ఎక్కడ విరుగుతుందో చెప్పలేం.

కింగ్ పిన్ నిప్పళ్లకు గ్రీసు కొట్టేటప్పుడు చక్రం గాలిలో ఉంచండి. పాత గ్రీసు బయటికి వచ్చేదాకా కొట్టాలి. పని అయ్యాక అలైన్‌మెంట్ చేయించండి, లేకపోతే కొత్త టైర్లు అంచున అరిగిపోతాయి. మొదటి లోడు దింపగానే యూ బోల్టులు, స్టీరింగ్ బాక్స్ బోల్టులు మళ్లీ పానాతో పట్టి చూడండి.