తోటి అక్కలకు చెప్పే విద్య – 4వ పాఠం: నిరోధ్ మాట ఎప్పుడు ఎత్తాలి

సెక్స్ వర్క్ చేసే తోటి అక్కలకు నిరోధ్ గురించి చెప్పడానికి మీరు తయారవుతున్నారు. పోయిన పాఠంలో చెక్క నమూనా మీద నిరోధ్ తొడగడం నేర్చుకున్నాం. కళ్లు మూసుకుని పదిసార్లు ప్యాకెట్ చింపి చూడమని ఇంటిపని కూడా ఇచ్చాను. ఎందుకంటే లాడ్జిలో కరెంటు పోవచ్చు, లారీ క్యాబిన్‌లో లైటే ఉండకపోవచ్చు. చీకట్లో తొందరపడి పళ్లతో చింపితే లోపలి రబ్బరు కూడా తెగుతుంది. చింపే ముందు ప్యాకెట్‌ను వేళ్ల మధ్య నొక్కి చూడండి, లోపల గాలి తగలాలి. తగలకపోతే ఎక్కడో చిల్లు పడినట్టే. తేదీ మిగిలి ఉన్నా సరే, పారేయండి.

మన అనంతపురం ఎండ గురించి కూడా ఒక మాట. రేకుల ఇంట్లో, ట్రంకు పెట్టెలో నిరోధ్ దాచుకునే అక్కలు మీకు కనబడతారు. మే నెలలో ఆ పెట్టె మీద చేయి పెట్టలేం, లోపలి రబ్బరు ఎట్లా బాగుంటుంది? నీళ్ల కుండ ఉండే మూలలో, నీడలో పెట్టుకోమనండి. కొబ్బరినూనె రాయొద్దని మళ్లీ చెప్పండి, నూనె తగిలితే రబ్బరు పిగిలిపోతుంది. ఒకదాని మీద ఒకటి రెండు వేసుకున్నా రాపిడికి చిరుగుతాయి.

ఇక ఈ వారం పాఠం. నిరోధ్ మాట డబ్బు చేతికి రాకముందే ఎత్తాలి. డబ్బు తీసుకున్నాక ఎత్తితే గిరాకీకి అది కొత్త షరతులా వినిపిస్తుంది. అప్పటికే అందులో కొంత లాడ్జి వాడికో ఆటో అతనికో ఇచ్చేసి ఉంటే, తిరిగిచ్చి లేచిపోయే ధైర్యం ఆమెకూ ఉండదు. కాబట్టి బేరంలో మొదటి మాటే ఇది కావాలి:

“ముందే చెప్తాండా అన్నా, నిరోధ్ లేకుంటే నేను రాను.”

“నా మీద నమ్మకం లేదా?” అంటాడు. చాలామంది ఇక్కడే తడబడతారు.

“నమ్మకం మాట గాదన్నా. ఒంట్లో ఏముందో నాకూ తెల్దు, నీకూ తెల్దు. రేపు ఇంటికి పోయేటోడివి నువ్వే గదా.”

ఈ జవాబులో అతన్ని తప్పుపట్టడం లేదు, భయపెట్టడమూ లేదు. మీ అక్కలతో జంటలుగా కూర్చుని, ఒకరు గిరాకీలా, ఒకరు తమలా మాట్లాడించండి. మొదట నవ్వుతారు, నవ్వనివ్వండి.

“రెట్టింపు ఇస్తా” అన్నవాడికి జవాబు నేర్పడం మాత్రం కష్టం. చీటీ కట్టాల్సిన రోజున ఆ మాట వింటే ఎవరికైనా మనసు లాగుతుంది, దానికి ఆమెను తిట్టి లాభం లేదు. నేను చూసినంతలో ఒక్క దారే పనిచేసింది. ఒకే బస్టాండులో నిలబడేవాళ్లంతా ఒకే మాట మీద ఉండాలి. ఈమె కాదంటే పక్కామె కూడా కాదనాలి, అప్పుడు గిరాకీకి వేరే దిక్కుండదు. కలకత్తాలో సెక్స్ వర్కర్లు ఉండే సోనాగాచిలో 1992లో డాక్టర్ స్మరజిత్ జానా మొదలుపెట్టిన హెచ్ఐవీ నివారణ పనికి బలం అక్కడి ఆడవాళ్లే. వాళ్లలోంచే కొందరు తోటివారికి చెప్పేవాళ్లుగా తయారయ్యారు, తర్వాత సంఘం కట్టుకున్నారు.

బ్యాగులో నిరోధ్ దొరికితే పోలీసులు కేసు పెడతారని భయపడేవాళ్లకు ఇది చెప్పండి: 2022 మే 19న సుప్రీంకోర్టు, నిరోధ్ ఉండటాన్ని నేరానికి సాక్ష్యంగా చూడకూడదని ఆదేశించింది.

ఇప్పుడు ఎవరూ మాట్లాడని మనిషి దగ్గరికి వద్దాం. వచ్చేపోయే గిరాకీలందరితో నిరోధ్ వాడి, రాత్రి ఇంటికొచ్చే మనిషితో వాడని అక్కలు ఎందరో. “ఆయనతో ఎట్లక్కా, అనుమానపడతాడు” అంటారు. వేరే ఊళ్లలోనైతే కడుపొస్తుందనే సాకు చెప్పుకోవచ్చు. మన దగ్గర ఇద్దరు పిల్లలు పుట్టగానే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే ఎక్కువ, ఆ సాకు చెల్లదు. తెల్లబట్టకు మందు వాడే రోజుల్లో డాక్టరే నిరోధ్ వాడమంటారు. ఆ మందుల చీటీని అడ్డం పెట్టుకుని మొదలుపెట్టమనండి. తర్వాత ఇద్దరూ కలిసి ప్రభుత్వాసుపత్రిలో సలహా, పరీక్ష కేంద్రమైన ఐసీటీసీలో ఉచితంగా హెచ్ఐవీ రక్తపరీక్ష చేయించుకోవచ్చు. ఒంట్లోకి వైరస్ వచ్చినా మొదట్లో పరీక్షలో కనబడకపోవచ్చు, అందుకే మూడు నెలలకు మళ్లీ చేయించాలి, అంతవరకు నిరోధ్ ఆపొద్దు. ఫలితం బయటికి పొక్కుతుందని జంకితే 2017 హెచ్ఐవీ చట్టం గురించి చెప్పండి, అనుమతి లేకుండా బయటపెట్టకూడదని అందులో ఉంది. ఒక జాగ్రత్త: కొట్టే మొగుడున్న అక్కను ఈ విషయంలో తొందరపెట్టకండి.

ఇన్ని చేసినా నిరోధ్ చిరగొచ్చు. సబ్బో డెటాలో పెట్టి లోపల కడగొద్దు, పుండు పడితే ప్రమాదం పెరుగుతుంది. వెంటనే హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌కు పోయి, జరిగింది దాచకుండా డాక్టరుకు చెప్పాలి. హెచ్ఐవీ సోకకుండా ఇచ్చే మాత్రలు 72 గంటలలోపు మొదలైతేనే పనిచేస్తాయి, అందులోనూ ఎంత ముందైతే అంత మేలు. 28 రోజులు మానకుండా మింగాలి. ఎక్కడికి పోవాలో తోచకపోతే హెచ్ఐవీ హెల్ప్‌లైన్ 1097కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు.

ఇంటిపని: ఈ వారం ముగ్గురు అక్కలను “ఇంటాయనతో వాడతావా?” అని అడగండి. సలహా ఇవ్వకండి, ఊరికే వినండి. విన్నది పేర్లు లేకుండా నోటుబుక్కులో రాసుకుని రండి, 5వ పాఠం దాంతోనే మొదలుపెడదాం.