బండిని పోలీసు ఆపినప్పుడు ఇద్దరూ మర్యాదగా మాట్లాడుకోవడం ఎలా

పోలీసు ఉద్యోగంలో నా చివరి ఏళ్లన్నీ, కొత్తగా చేరినవాళ్లకు రోడ్డు మీద జనంతో ఎలా మాట్లాడాలో నేర్పడంతోనే గడిచాయి. రిటైరయ్యాక ఇప్పుడు జనం అడుగుతున్నారు, "పోలీసులు ఆపితే ఏం మాట్లాడాలి సార్?" అని. ఇద్దరికీ నేను చెప్పేది ఒకటే. చేయబోయేది ముందు నోటితో చెప్పండి, ఆ తర్వాతే చేయండి.

మొదట యూనిఫాంలో ఉన్నవాళ్ల సంగతి. ఆపింది మీరు కాబట్టి మాట మొదలుపెట్టాల్సిందీ మీరే. కిటికీ దగ్గరికి వెళ్లీ వెళ్లగానే "లైసెన్స్ తియ్" అనడం చాలామందికి అలవాటు. ఇలా అని చూడండి: "నమస్కారం. మీ బండికి వెనక బ్రేక్ లైటు వెలగడం లేదు, అందుకే ఆపాను. లైసెన్స్ చూపిస్తారా?" పది సెకన్లు కూడా పట్టదు. ఇది నా చాదస్తం కాదు. అమెరికాలో నల్లజాతి డ్రైవర్లను ఆపిన 577 సందర్భాల రికార్డింగులను పరిశీలించిన ఒక అధ్యయనం 2023లో వచ్చింది. అరెస్టు, బేడీలు, సోదా దాకా వెళ్లిన సందర్భాలకూ, మామూలుగా ముగిసిన వాటికీ తేడా అధికారి పలికిన మొదటి 45 మాటల్లోనే బయటపడింది. గొడవైన చోట్ల, కారణం చెప్పకుండా ఆర్డరు వేయడంతో మాట మొదలవడం ఎక్కువగా కనిపించింది.

బండి ఖరీదు చూసి "మీరు", నలిగిన చొక్కా చూసి "నువ్వు" అనడం మానేయండి. "అర్జెంటుగా ఆస్పత్రికి వెళ్తున్నాను" అని ఎవరైనా అంటే "అందరూ చెప్పేదే ఇది" అని కొట్టిపారేయకండి. ఫైన్ వేయాల్సి వస్తే వేయండి, కానీ చెప్పింది విని వేయండి. టామ్ టైలర్ అనే పరిశోధకుడు ఏళ్ల తరబడి తేల్చింది కూడా ఇదే. తమ మాట విన్నారా, అందరితో ఒకేలా ఉన్నారా అన్నదాన్ని బట్టే చాలావరకు జనం పోలీసులను నమ్ముతారు. పని అయిపోయాక "ఇక మీరు వెళ్లొచ్చు" అని స్పష్టంగా చెప్పండి. అది చెప్పకపోతే అవతలి మనిషి ఇంకేదో ఉందేమోనని టెన్షన్‌తో అలాగే కూర్చుంటాడు.

ఇక బండి నడిపేవాళ్లు. పక్కకు తీసి ఆపి, ఇంజిన్ కట్టేయండి. రాత్రయితే లోపలి లైటు వేసి, రెండు చేతులూ స్టీరింగ్ మీద ఉంచండి. ఇదంతా భయపడి చేసే పని కాదు. చీకట్లో నడిచొచ్చే పోలీసుకు మీ అద్దం వెనక నల్లటి ఆకారం తప్ప ఏమీ కనిపించదు. మీ చేతులు కనబడేదాకా ఆయన భుజాలు బిగుసుకునే ఉంటాయి. కాగితాలు సీటు కింద సంచిలో ఉంటే, "సంచిలో ఉన్నాయి, వంగి తీస్తున్నాను" అని చెప్పి మెల్లగా తీయండి.

ఫోన్‌లో రికార్డు చేసినా పద్ధతి ఇదే. మీరుండే చోట చట్టం ఏమంటుందో ముందే తెలుసుకుని ఉండండి. "రికార్డు చేస్తున్నాను" అని పైకి చెప్పి, ఫోన్‌ను మీ ఛాతీ ఎత్తులో పట్టుకోండి. ఆయన ముఖంలోకి మాత్రం గుచ్చకండి. ఇక "నేనెవరో తెలుసా?" అంటూ ఎవరో పెద్దమనిషికి ఫోన్ కలిపేవాళ్లకు నా దగ్గర సలహా ఏమీ లేదు.

మర్యాదగా ఉండమన్నానని అన్నిటికీ తలూపమని కాదు. "మీరు చెప్పింది నేను ఒప్పుకోవడం లేదు, అయినా కాగితాలు ఇస్తున్నాను" అనొచ్చు. వాదన రోడ్డు మీద పెట్టుకోవద్దు. రశీదు తీసుకోండి, పేరూ బ్యాడ్జి నంబరూ అడగండి. అధికారులూ, నంబరు అడిగితే అవమానంగా తీసుకోకండి. వాళ్లు అడిగేదాకా ఆగకుండా మీరే చెప్తే ఇంకా మంచిది.

ఫిర్యాదు చేయాలనుకుంటే ఆ రోజే రాయండి. "దురుసుగా ప్రవర్తించారు" అని ఒక్క ముక్కలో రాస్తే విచారణాధికారికి ఏమీ దొరకదు. టైము, చోటు, ఎవరు ముందు ఏమన్నారు, దానికి మీరేమన్నారు అన్నది వరసగా ఉండాలి. ఎవరైనా అధికారి బాగా మాట్లాడితే ఆయన పైవాళ్లకు కూడా అవే వివరాలతో ఒక ఉత్తరం రాయండి. అలాంటి ఉత్తరాలు అరుదుగా వచ్చేవి. వచ్చినవాటిని నేను కొత్త బ్యాచ్‌కు చదివి వినిపించేవాణ్ణి.