దిక్కులేని మెయిల్ అకౌంట్లు లేపే స్క్రిప్ట్ నడిపే ముందు

బెంగళూరులో మనోళ్లు కంపెనీలు మారుతూనే ఉంటారు, మనిషి పోయినా సర్వర్లో మెయిల్‌బాక్స్ ఉండిపోద్ది. క్లీన్ చేసే ముందు ఇవి చూస్కోండి.

- అన్నిటికన్నా ముఖ్యం ఎల్‌డాప్ (ఆఫీసులో ఎవరెవరున్నారో దాచుకునే డైరెక్టరీ సర్వర్) నుంచి వచ్చే యూజర్ లిస్ట్. ఆ టైంకి ఎల్‌డాప్ డౌనయ్యి లిస్ట్ ఖాళీగా వస్తే స్క్రిప్ట్ లెక్కలో ఆఫీసులో ఒక్కడూ లేనట్టే, అందర్నీ అనాథల్ని చేసి లేపేస్తది, అందుకే లిస్ట్ ఖాళీగా వచ్చినా, నిన్నటికన్నా బాగా తగ్గినా అక్కడే ఆగిపోయేలా రాయండి.

- ఇన్‌ఫో, అకౌంట్స్ లాంటి షేర్డ్ బాక్సుల వెనక ఒక మనిషంటూ ఉండడు, వాటిని మినహాయింపు ఫైల్లో పెట్టండి. పోస్ట్‌మాస్టర్ (మెయిల్ సమస్యలు చెప్పుకునే అడ్రస్) జోలికి అస్సలు పోవద్దు, అది ఉండి తీరాలని మెయిల్ పంపే పద్ధతికి స్టాండర్డ్ అయిన ఆర్‌ఎఫ్‌సీ 5321 లోనే ఉంది.

- ముందు డ్రై రన్, అంటే ఏదీ తీసేయకుండా ఏవి పోతాయో లిస్ట్ మాత్రం చూపించడం. వచ్చిన లిస్ట్ హెచ్‌ఆర్‌కి చూపించండి, లాగిన్ అవ్వట్లేదంటే మానేసినట్టు కాదు, మెటర్నిటీ లీవ్‌లో ఉన్నవాళ్లు కూడా లాగిన్ అవ్వరు కదా.

- డిలీట్ వద్దు. లాగిన్ ఆపి, ఫోల్డర్ పక్కకి జరిపి కొన్నాళ్లు ఆగండి. బ్యాకప్ ఉంది అనుకుంటే చాలదు, ఒక బాక్స్ రిస్టోర్ చేసి మెయిల్ తెరిచి చూడాలి.

- పాత యూఐడీ (సర్వర్ ఒక్కో యూజర్‌కి ఇచ్చే నంబర్, ఫైల్ ఎవరిదో దాంతోనే గుర్తుపెట్టుకుంటది) కొత్తగా చేరినోళ్లకి ఇవ్వకండి, మిగిలిపోయిన ఫైల్స్ వాళ్లవైపోతాయి.

- శుక్రవారం సాయంత్రం మాత్రం వద్దు సామీ, సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో ఇరుక్కుని ల్యాప్‌టాప్ తెరవాల్సొస్తది.