రేడియో మైకు నుంచి టీవీ కెమెరా ముందుకు

రేడియోలో వార్తలు చదివేటప్పుడు బులెటిన్ కాగితాలకు పిన్ను కొట్టొద్దు. ఒకవైపే ప్రింటు తీసుకుని, చదివేసిన కాగితాన్ని చప్పుడు కాకుండా పక్కకు జరపాలి. వాక్యం మధ్యలో పేజీ మారకూడదు. అంకెల్ని అక్షరాల్లో రాసుకోండి. 1,25,000 చూడగానే నాలుక తడబడుతుంది, ‘లక్షా పాతికవేలు’ అని ఉంటే సాఫీగా సాగుతుంది. మైకుకు జానెడు దూరంలో, కాస్త పక్కకు కూర్చోండి. సూటిగా ఎదురుగా ఉంటే ప, ఫ, భ పలికినప్పుడల్లా ఊపిరి తగిలి ‘టప్’మంటుంది.

టీవీకొచ్చాక చిక్కల్లా తల దించి చదివే రేడియో అలవాటుతోనే. 1983లో హైదరాబాద్ దూరదర్శన్‌లో తొలి తెలుగు వార్తలు చదివిన శాంతిస్వరూప్‌కు ప్రాంప్టర్ (చదవాల్సిన వార్తను కెమెరా దగ్గరే చూపే తెర) లేదు, కంఠస్థం చేసేవారు. ఇప్పుడుంది కదా అని ధీమా పనికిరాదు. ప్రాంప్టర్‌తో పాటే చేతిలో పేజీలూ తిప్పుతుండండి. అది ఆగినా వెతుక్కోనక్కర్లేదు.