వాక్యూమ్ పంపు సరిగా లాగడం లేదా? ఇంటి ఏసీ, కారు ఏసీ పనిలో లక్షణాలు, కారణాలు, పరిష్కారాలు

గ్యాస్ ఎక్కించే ముందు ఏసీ లోపలి గాలిని, తేమను లాగేసే వాక్యూమ్ పంపును కొత్తగా కొనదలచినవారు దుకాణంలో మొదట అడిగే ప్రశ్న ‘ఎన్ని సి.ఎఫ్.ఎం.?’ అన్నదే. పాత పంపుతో విసిగినవారు కూడా అంతకంటే పెద్ద సి.ఎఫ్.ఎం. ఉన్నది చూపించమంటారు. పంపు నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలిని తోడగలదో ఆ సంఖ్య చెబుతుంది; ఒక సి.ఎఫ్.ఎం. అంటే నిమిషానికి సుమారు 28 లీటర్లు. టన్నున్నర స్ప్లిట్ ఏసీలో పైపులు, కాయిళ్లు అన్నీ కలిపినా లోపలి ఖాళీ కొన్ని లీటర్లకు మించదు. 3 సి.ఎఫ్.ఎం. పంపు నిమిషానికి 85 లీటర్లు తోడగలదు కనుక గాలిని బయటికి పంపడం దానికి పెద్ద పని కాదు. కష్టమంతా లోపల మిగిలిన తేమను ఆవిరిగా మార్చి లాగడంలో ఉంది. అందుకు పంపు ఎంత లోతైన వాక్యూమ్‌కు దిగగలదన్నది ముఖ్యం. మీ ఇబ్బంది కింది లక్షణాలలో ఏదో గుర్తుపట్టిన తరువాతే కొత్త పంపు సంగతి ఆలోచించండి. చాలాసార్లు మార్చవలసింది పంపును కాదని తేలుతుంది.

ముల్లు అడుగుకు చేరింది, అయినా ఏసీ సరిగా పనిచేయడం లేదు

పంపు పావుగంట తిరిగింది, మానిఫోల్డ్ గేజిలో (హోస్‌లు, కవాటాలు, పీడనం మీటర్లు కలిసి ఉండే పరికరం) నీలం రంగు మీటరు ముల్లు పూర్తిగా కిందికి దిగింది, గ్యాస్ ఎక్కించారు. కొద్ది రోజులకే ఇంటి ఏసీలో కంప్రెసర్ విపరీతంగా వేడెక్కడం, కారులో అయితే చల్లదనం కాసేపు వచ్చి కాసేపు ఆగిపోవడం మొదలైంది. మొదటిదానికి సాధారణంగా లోపల మిగిలిన గాలి కారణం, రెండోదానికి గ్యాస్ సన్నని దారిలోంచి దూరి చల్లబడే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గర తేమ గడ్డకట్టడం కారణం. తప్పు పంపుదో కాదో ఆ ముల్లును బట్టి చెప్పలేము.

ఎందుకంటే 30 డిగ్రీల వేడిలో నీరు మరగాలంటే పీడనం సుమారు 32 మిల్లీమీటర్ల పాదరస మట్టానికి దిగాలి. మైక్రాన్లలో చెబితే అది 32,000. మనం చేరవలసిన లక్ష్యం 500 మైక్రాన్లు, అంటే అర మిల్లీమీటరు. ఈ రెండింటి మధ్య తేడా పాదరస అంగుళాలలో లెక్క చూపే మామూలు గేజి మీద అంగుళంన్నర కూడా ఉండదు. చివరి 5,000 మైక్రాన్ల తేడా అయితే ముల్లు మందంలోనే కలిసిపోతుంది. మొండిగా మిగిలిన తేమ వదిలేది ఆ చివరి భాగంలోనే. దీనికి పరిష్కారం డిజిటల్ మైక్రాన్ గేజి తప్ప మరొకటి లేదు. చేతిలో ఉన్న డబ్బుతో పెద్ద పంపు కొనాలా, చిన్న పంపుతోపాటు మైక్రాన్ గేజి కొనాలా అని ఎవరైనా అడిగితే నేను రెండోదే చెబుతాను.

హైదరాబాద్‌లో ముల్లు 28 దాటడం లేదు

విశాఖపట్నంలో 30 దగ్గర ఆగే పంపు హైదరాబాద్‌కు తెచ్చాక 28 దగ్గరే ఆగిపోతోందని, పంపు దెబ్బతిన్నదని అనుకునేవారున్నారు. పంపులో లోపమేమీ లేదు. ఆ గేజి బయటి గాలి పీడనంతో పోల్చి మాత్రమే లెక్క చూపుతుంది. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్నందున అక్కడి గాలి పీడనమే 28 అంగుళాలకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది; బెంగళూరులో అది 27 అంగుళాల దరిదాపులకు తగ్గుతుంది. ఉన్న పీడనాన్ని మించి తీసివేయడం ఏ పంపుకూ సాధ్యం కాదు. మైక్రాన్ గేజి శుద్ధ శూన్యం నుంచి లెక్కిస్తుంది కాబట్టి ఏ ఊళ్లోనైనా 500 అంటే 500 మాత్రమే.

అర నిమిషంలోనే వాక్యూమ్ దిగిపోతోంది

ఇది సంతోషించవలసిన సంగతి కాదు. పంపు హోస్‌ను మాత్రమే ఖాళీ చేస్తున్నదని, ఏసీ లోపలికి దారి తెరుచుకోలేదని దీని అర్థం. పాత రకం గ్యాసు ఆర్-22 వాడే ఏసీల సర్వీస్ పోర్టుకు (హోస్ తగిలించే నోటికి) పావు అంగుళం హోస్ సరిపోయేది. తరువాతి గ్యాసులైన ఆర్-410ఏ, ఆర్-32 ఏసీల పోర్టు 5/16 అంగుళం కనుక మధ్యలో అడాప్టర్ బిగించవలసి వస్తుంది. ఆ అడాప్టర్ లోపలి మొన పొట్టిగా ఉంటే, నొక్కితేనే దారి తెరిచే పోర్టులోని పిన్నును నొక్కదు. కారులో హోస్‌ను పోర్టుకు పట్టించే క్విక్ కప్లర్ క్లిక్‌మని పట్టుకున్నప్పటికీ దాని పైనున్న మరను తిప్పకపోతే ఇదే జరుగుతుంది. అడాప్టర్ మార్చడం, మరను పూర్తిగా తిప్పడం, మానిఫోల్డ్ కవాటాలు తెరిచి ఉన్నాయో లేదో చూడడం చాలు.

గంట తిరిగినా 2,000 మైక్రాన్ల కిందికి రావడం లేదు

అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యేది, అన్నిటికంటే ఎక్కువ పంపులను అన్యాయంగా మూలన పడేయించేది ఈ లక్షణమే. దీన్ని వరుసగా విడదీసుకుంటూ వెళ్లాలి.

మొదట హోస్‌లన్నీ తీసివేసి, మైక్రాన్ గేజిని నేరుగా పంపు నోటికే బిగించి, మిగిలిన నోళ్లను మూతలతో మూసి పంపును ఐదు నిమిషాలు నడపండి. గేజి 100 కిందికి దిగితే పంపు ఆరోగ్యంగానే ఉంది. దిగకపోతే కొత్త నూనె పోసి మళ్లీ చూడండి. ఒకసారి మార్చగానే పంపు బాగుపడకపోవచ్చు. వేడిగా ఉన్నప్పుడే పాత నూనె వంపి, కొత్తది పోసి, కాసేపు నడిపి, మళ్లీ వంపితే లోపల పేరుకున్న తేమ, మడ్డి బయటికి వస్తాయి. పంపులోకి కొద్దిగా బయటి గాలిని వదిలే గ్యాస్ బలాస్ట్ మర తెరిచి ఉండిపోయినా పంపు లోతుకు దిగదు. వాక్యూమ్ మొదలైనప్పుడు తేమను నూనెలో కలవనీయకుండా ఆ మరను తెరవడం మంచిదే కాని, ఆ తరువాత మూయడం మరిచిపోవడమూ అంతే మామూలు. ఇంత చేసినా దిగకపోతే అప్పుడు నిజంగా పంపులోని రెక్కలో సీళ్లో అరిగినట్టే.

పంపు బాగుందని తేలాక హోస్‌ను, మానిఫోల్డ్‌ను ఒక్కొక్కటే జోడిస్తూ ప్రతిసారీ గేజి చూడండి. ఎక్కడ అంకె ఎగబాకిందో అక్కడే దొంగ ఉన్నాడు. మామూలు ఛార్జింగ్ హోస్ చివర ఉండే రబ్బరు గ్యాస్కెట్ లోపలి నుంచి పైకి ఒత్తే పీడనాన్ని ఆపడానికి చేసినది; లోపలికి లాగే వాక్యూమ్‌లో అది సన్నగా గాలిని వదులుతుంది. పైగా పాత గ్యాసుతో, నూనెతో తడిసిన రబ్బరు హోస్ తనలో పీల్చుకున్నదంతా గంటల తరబడి మెల్లగా వదులుతూనే ఉంటుంది.

హోస్ లోపలి వెడల్పు విషయం ఇంకా ముఖ్యమైనది. పైపు లోవ్యాసం రెట్టింపైతే అందులో గాలి దట్టంగా ఉన్నంతసేపు ప్రవాహం పదహారు రెట్లు పెరుగుతుంది. పావు అంగుళం హోస్ చివర 8 సి.ఎఫ్.ఎం. పంపు పెట్టడమంటే పెద్ద మోటారు కొని సన్నని గొట్టంతో పొలానికి నీళ్లు పెట్టినట్టే. పొట్టిగా ఉండే 3/8 అంగుళం వాక్యూమ్ హోస్ ఒక్కటి నేరుగా పంపు నుంచి ఏసీకి వేసి, మానిఫోల్డ్‌ను మధ్యలోంచి తప్పించి, పోర్టులోని పిన్నును కోర్ రిమూవర్ సాధనంతో తీసివేస్తే 3 సి.ఎఫ్.ఎం. పంపే పని త్వరగా ముగిస్తుంది. మైక్రాన్ గేజిని పంపు దగ్గర కాక ఏసీకి అటువైపు, పంపుకు వీలైనంత దూరంగా పెట్టాలి. పంపు పక్కన పెట్టిన గేజి పంపు గొప్పతనాన్నే చెబుతుంది కాని ఏసీ లోపలి స్థితిని చెప్పదు.

పంపు ఆపగానే అంకె పెరుగుతోంది

500 కిందికి దిగాక పంపుకు, ఏసీకి మధ్యనున్న కవాటాన్ని మూసి, పంపును ఆపి, పది నిమిషాలు గేజిని గమనించండి. కొంచెం పెరిగి వెయ్యి లోపల నిలిచిపోతే పని పూర్తయినట్టే. 1,500 - 2,500 మధ్య ఎక్కడో నెమ్మదించి ఆగితే లోపల ఇంకా తేమ ఉంది. ఎక్కడా ఆగకుండా పైపైకి పోతూ ఉంటే లీకు ఉంది, దాన్ని ఏ పంపూ బాగు చేయదు.

లీకును వాక్యూమ్‌తో వెతకడం కంటే ముందే పొడి నైట్రోజన్ నింపి, పైపుల అతుకుల దగ్గరి ఫ్లేర్ నట్ల మీద సబ్బు నురగ రాసి వెతకడం ఎంతో తేలిక. ఎంత పీడనం వరకు నింపవచ్చో యూనిట్ ప్లేటు మీద చూసుకోవాలి. నైట్రోజన్ దొరకలేదని వెల్డింగు దుకాణం నుంచి ఆక్సిజన్ తెచ్చి నింపడం ప్రాణాంతకం. కంప్రెసర్ నూనెతో కలిసి అది పేలుతుంది. కారులో మరొక చిక్కు ఉంది. కంప్రెసర్ షాఫ్టు సీలు కొన్ని సందర్భాలలో పీడనాన్ని ఆపుతుంది, వాక్యూమ్‌ను ఆపదు. అందువల్ల కారులో వాక్యూమ్ నిలవకపోయినంత మాత్రాన లీకు తేలిపోయిందనుకోకుండా నైట్రోజన్‌తో నిర్ధారించుకోవాలి.

తేమ అని తేలితే, ఏసీలోకి పొడి నైట్రోజన్ వదిలి వాక్యూమ్‌ను పోగొట్టి, మళ్లీ లాగి, ఇలా మూడుసార్లు చేయాలి. కారు ఏసీ చాలాకాలం గాలికి తెరిచి ఉంటే తేమను పీల్చే డ్రయ్యర్‌ను కూడా మార్చక తప్పదు. వానాకాలంలో కోస్తాలో పైపులు తెరిచి పనిచేసినప్పుడు లోపల నీటి బొట్లే నిలిచి ఉండవచ్చు. అలాంటప్పుడు పెద్ద పంపు ఇంకో ప్రమాదం తెస్తుంది: పీడనం ఒక్కసారిగా 4,600 మైక్రాన్ల కిందికి పడితే మరుగుతున్న నీరే చల్లబడి మంచుగా గడ్డకడుతుంది, ఆ మంచు ఆవిరి కావడానికి చాలా సమయం పడుతుంది. అటువంటి చోట్లను వేడినీటిలో ముంచిన గుడ్డతో వెచ్చబరచడం మంచి ఉపాయం.

నూనె మజ్జిగలా మారింది, లేదా బయటికి చిమ్మింది

తెల్లబడిన నూనెలో నీరు కలిసిందని అర్థం, వెంటనే మార్చాలి. తడిసిన ఏసీ మీద పనిచేసిన రోజున పని మధ్యలోనే మార్చవలసి రావచ్చు. ఇంజన్ ఆయిలు, కంప్రెసర్ ఆయిలు పోయకూడదు, ఎందుకంటే అవే ఆవిరై పంపును లోతుకు దిగనీయవు. మొదటి నిమిషంలో పంపులోంచి పొగలాంటి సన్నని నూనె తుంపర రావడం సహజమే. నూనె పిచికారీలా చిమ్మితే మాత్రం గ్యాసు పీడనం ఇంకా ఉన్న ఏసీకి పంపు తగిలించారన్నమాట. వాక్యూమ్ పంపు గ్యాసును తోడి సిలిండరులోకి ఎత్తే యంత్రం కాదు. ఆ పనికి రికవరీ యంత్రం వేరే ఉంది.

మధ్యలో కరెంటు పోయింది

మన ఊళ్లలో దీన్ని లక్షణమనడం కంటే దినచర్య అనవచ్చు. పంపు ఆగిపోగానే ఏసీ లోపలి శూన్యం పంపులోని నూనెను తనవైపు లాక్కుంటుంది. నూనె వెనక్కి పోకుండా అడ్డుకునే కవాటం ఉన్న పంపులో ఈ బాధ ఉండదు. అది లేని పంపుతో పనిచేసేటప్పుడు పక్కనే ఉండి కవాటం మూయగలగాలి. పంపును నడవనిచ్చి టీకి వెళ్లడం ఆ రోజుకు మానుకోవాలి.

మోటారు మూలుగుతోంది కాని తిరగడం లేదు

సన్నని తీగతో పొడవాటి ఎక్స్‌టెన్షన్ బోర్డు వేసి మేడమీదికి కరెంటు తీసుకువెళ్లడమే ఎక్కువగా దీనికి కారణం. అమెరికా నుంచి బంధువులు తెచ్చిన పంపైతే అది 115 వోల్టులకు, 60 హెర్ట్జ్‌కు చేసినదై ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వోల్టేజీ తగ్గించవచ్చు కాని మన 50 హెర్ట్జ్ మీద మోటారు ఆరో వంతు నెమ్మదిగా తిరుగుతుంది, ఎక్కువగా వేడెక్కుతుంది. ఇక్కడ కొనేటప్పుడు కూడా పెట్టె మీది సి.ఎఫ్.ఎం. అంకె ఏ హెర్ట్జ్‌కు చెప్పినదో చూడండి.

పాత ఫ్రిజ్ కంప్రెసర్‌తో పని జరగడం లేదు

ఆర్-22 రోజులలో చాలామంది పాత ఫ్రిజ్ కంప్రెసర్‌నే వాక్యూమ్ పంపుగా వాడి, లేదా అసలు వాక్యూమ్ లేకుండా గ్యాసు వదిలి గాలిని తరిమేసి, నెట్టుకొచ్చారు. అప్పటి మినరల్ ఆయిలు కొంత తేమను ఓర్చుకునేది. ఆర్-410ఏ, ఆర్-32లతో వాడే పి.ఓ.ఈ. నూనె, కార్లలో వాడే పి.ఏ.జి. నూనె తేమను ఆబగా పీల్చుకుంటాయి, పి.ఓ.ఈ. నూనె ఆ తేమతో కలిసి ఆమ్లంగా మారి మోటారు చుట్లను తినేస్తుంది. ఫ్రిజ్ కంప్రెసర్ గాలిని తీస్తుంది కాని 500 మైక్రాన్లకు దిగలేదు. కారు పనివారు వాడే, కంప్రెస్డ్ గాలితో నడిచి వాక్యూమ్ లాగే వెంచురీ పరికరానిదీ అదే కథ.

కొనక తప్పదని తేలినప్పుడు

ఇంటి స్ప్లిట్లు, కార్లు రెండూ చేసేవారికి గాలిని రెండు విడతలుగా లాగే రెండు దశల పంపు, 3 నుంచి 4 సి.ఎఫ్.ఎం. మధ్య, పూర్తిగా సరిపోతుంది. కార్లు మాత్రమే చేసేవారు ఒక దశ పంపుతో గడుపుకోవచ్చు కాని ధరలో తేడా భరించగలిగితే రెండు దశలదే తీసుకోండి. పంపు దిగగల లోతు పెట్టె మీద 25 మైక్రాన్లో అంతకంటే తక్కువో అని రాసి ఉందా, 3/8 అంగుళం నోరు ఉందా, నూనె కనిపించే గాజు పెద్దదిగా ఉందా, గ్యాస్ బలాస్ట్, వెనక్కి నూనె రానివ్వని కవాటం ఉన్నాయా అని చూడండి. పది కిలోలు దాటిన పంపును నాలుగో అంతస్తుకు మోసేది మీరే అన్న సంగతి కూడా మరవకండి.

ఆర్-32, కొత్త కార్లలోని ఆర్-1234వైఎఫ్ కొంతవరకు మండే గ్యాసులు. ఆర్-290 అంటే అచ్చంగా ప్రొపేనే. వీటితో పనిచేసేవారు నిప్పురవ్వ రాని స్విచ్చు, బ్రష్‌లు లేని మోటారు ఉన్న పంపునే ఎంచుకోవాలి. అటువంటిది చేతికి వచ్చేదాకా పంపును గాలి ఆడే ఆరుబయట పెట్టి, దాని స్విచ్చును ముందే ఆన్ చేసి ఉంచి, దూరంగా ఉన్న గోడ ప్లగ్గు దగ్గర మాత్రమే వేయడం, ఆపడం చేయాలి.