ముఖానికి సర్జరీ చేయించుకున్నా మన ముఖం మనలాగే ఉండాలంటే

ఒడిశాలోని రాయగడలో నాకు చిన్న బ్యూటీ పార్లర్ ఉంది. 14 ఏళ్లుగా పెళ్లికూతుళ్లకు మేకప్ వేస్తున్నాను, ఇటు పార్వతీపురం నుంచి అటు గుణుపూర్, జయపురం దాకా వెళ్తుంటాను, తెలుగిళ్లకూ వెళ్తాను, ఒడియా ఇళ్లకూ వెళ్తాను. అద్దం ముందు కూర్చున్నాక మనుషులు తమ ముఖం గురించి దాచకుండా మాట్లాడతారు. ఒకప్పుడు "అప్పా, ముక్కు సన్నగా కనబడేలా షేడ్ వెయ్యి" అనేవాళ్లు. ఇప్పుడు "అప్పా, ఆపరేషన్ చేయించుకుంటే చూసినోళ్లకి తెలిసిపోద్దా?" అని అడుగుతున్నారు. నేనూ ముక్కుకు చేయించుకున్నదాన్నే కాబట్టి నన్ను ఇంకా ఎక్కువ అడుగుతారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేదంతా ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

తెలిసిపోతుందా లేదా అన్నది ఆపరేషన్ థియేటర్ లోపల గడిచే రెండు మూడు గంటల్లో మాత్రమే తేలదు. దానికి ముందు మీరు ఏం అడిగారు, ఏం వద్దన్నారు, ఆ తర్వాత ఏడాది పాటు ఎలా చూసుకున్నారు, ఇదంతా కలిస్తేనే సహజంగా కనిపిస్తుంది. మన సరిహద్దు జిల్లాల వాళ్లకు డాక్టర్ ఉండేది విశాఖలోనో భువనేశ్వర్‌లోనో, అంటే రైల్లో నాలుగైదు గంటలో, హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతానో. అందుకే ముందు జాగ్రత్త, తర్వాతి జాగ్రత్త రెండూ మన దగ్గరే తప్పిపోతాయి.

మొదట సెల్ఫీ చూసి నిర్ణయం తీసుకోవడం మానండి. ఫోన్‌ను ముఖానికి అడుగు దూరంలో పెట్టి తీస్తే, ఐదడుగుల దూరం నుంచి తీసిన ఫొటోతో పోలిస్తే ముక్కు అడుగుభాగం సుమారు 30 శాతం వెడల్పుగా కనబడుతుందని 2018లో అమెరికా పరిశోధకులు లెక్క కట్టి చెప్పారు. లేని లావును చూసి బాధపడి దాన్ని కోయించుకుంటే మిగిలేది మరీ సన్నబడిన ముక్కే. కిటికీ పక్కన, పగటి వెలుతురులో, ఎవరినైనా ఐదారడుగుల దూరంలో నిలబడి తీయమనండి. ఎదురుగా, రెండు పక్కల నుంచి, కొంచెం వారగా, నవ్వుతూ ఒకటి. అవి చూసి, వారం పోయాక మళ్లీ చూసి, అప్పటికీ అదే చోట మనసుకు కొట్టొచ్చినట్టు కనబడితే డాక్టర్ దగ్గరకు వెళ్లే మాట ఆలోచించండి. రోజుకు పదిసార్లు అద్దం చూసుకుని, ఎవరికీ కనబడని లోపం కోసం బయటికి రావడమే మానేసిన అమ్మాయిలను కూడా చూశాను, వాళ్లు ముందు కలవాల్సింది మానసిక వైద్యుణ్ణి. మంచి సర్జన్ అయితే ఆ మాట తనే చెప్తాడు.

డాక్టర్ దగ్గరకు హీరోయిన్ ఫొటో తీసుకెళ్లకండి. మీ పాత ఫొటోలు తీసుకెళ్లండి, మీ అమ్మవి, మీ మేనత్తవి కూడా. కళ్ల కింద సంచులు, జారిన దవడ లాంటి వయసు పనులకైతే పది పదిహేనేళ్ల కిందటి మీ ఫొటోయే అసలైన కొలత. ముక్కుకైతే ఇంటి ముక్కు ఎలా ఉందో డాక్టర్‌కు తెలియాలి. ముఖాన్ని మూడు భాగాలు, ఐదు భాగాలు చేసి కొలిచే పాత లెక్కలు పాశ్చాత్యుల ముఖాల మీద పుట్టినవి. మన ముఖాల్లో ముక్కుపుటాలు కొంచెం వెడల్పు, కొస దగ్గర చర్మం మందం. ఆ కొలతకు మనల్ని సరిపెడితే ముక్కు ఒక ఊరిది, ముఖం ఒక ఊరిది అయిపోతుంది.

"కొంచెం" అనే మాట దగ్గరే ఎక్కువ నష్టం జరుగుతుంది. మీ కొంచెం వేరు, డాక్టర్ కొంచెం వేరు. ముక్కు మీద ఒకటి రెండు మిల్లీమీటర్లు తీసినా తేడా స్పష్టంగా తెలుస్తుంది. అందుకే ఫొటో మీద గీసి చూపించమనండి, ఎన్ని మిల్లీమీటర్లో చెప్పించుకోండి. ఏం మార్చాలో చెప్పినంత గట్టిగా ఏం ముట్టుకోవద్దో కూడా చెప్పండి. నేను "దూలం మీద ఈ చిన్న ఎత్తు మా నాన్నది, దాన్ని ఉంచండి" అన్నాను. బడిలో ఒడియా చదివి ఇంట్లో తెలుగు మాట్లాడే మనం ఇంగ్లీషు కాగితం మీద సంతకం పెట్టేస్తాం. ఆ పని చేయకండి, ప్రతి లైనూ మీకు అర్థమయ్యే భాషలో చెప్పించుకున్నాకే పెట్టండి.

నా సంగతి ఇది. 2019లో స్కూటీ మీద నుంచి పడ్డాను, ముక్కు ఒక పక్కకు ఒరిగింది. అదే సర్దుకుంటుందని ఎవరో అంటే నమ్మి ఊరుకున్నాను. ముక్కు ఎముక విరిగితే వారం పది రోజుల్లో, మహా అయితే రెండు వారాల్లో దాన్ని తిరిగి స్థానంలోకి తేవచ్చు, ఆ తర్వాత వంకరగానే అతుక్కుపోతుంది, ఇక కొన్ని నెలలు ఆగి ఆపరేషనే గతి. ఇది ఎవరూ చెప్పలేదు, మీరు మాత్రం గుర్తుపెట్టుకోండి. తర్వాత ఒక నగరంలో పెద్ద క్లినిక్‌కు వెళ్తే అక్కడ పదిహేను నిమిషాల్లో ముక్కుతో పాటు గడ్డానికి ఫిల్లర్ (సూదితో చర్మం కింద నింపే జెల్), పెదవులకు ఫిల్లర్ కలిపి ప్యాకేజీ చెప్పారు, ఈ రోజే అడ్వాన్స్ కడితే తగ్గింపు అన్నారు. నాకు ఊపిరి ఒక పక్క నుంచి ఆడటం లేదన్న మాట అడగనే లేదు. లేచి వచ్చేశాను. తర్వాత చూపించుకున్న డాక్టర్ ముందు ముక్కు లోపల లైటు వేసి చూశారు, రెండు పక్కల ఊపిరి పరీక్షించారు. లోపలి అడ్డుగోడ వంకర సరిచేసి, అందులోంచి తీసిన మెత్తని ఎముక ముక్కతోనే దూలానికి ఊతం పెట్టారు. ముక్కు ముందు ఊపిరి పీల్చే అవయవం, అందం దాని తర్వాతే. ఊపిరి సంగతి అడగకుండా రూపు గురించే మాట్లాడే చోట ఆగకండి.

ఎవరి చేత చేయించుకోవాలి అన్నదానికి నా జవాబు ఒకటే. ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ గానీ డీఎన్‌బీ గానీ డిగ్రీ ఉండాలి, లేదా ముక్కు పనికైతే అందులో ప్రత్యేకంగా అనుభవమున్న ఈఎన్‌టీ సర్జన్, దవడ ఎముకల పనికైతే మాక్సిలోఫేషియల్ సర్జన్. రిజిస్ట్రేషన్ నంబరు జాతీయ వైద్య కమిషన్ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. పార్లర్‌లో ఫిల్లర్ ఎక్కిస్తామనే వాళ్లను దగ్గరికి రానివ్వకండి. పార్లర్ నడిపే మనిషిగా చెప్తున్నాను, అది మా పని కాదు. సూది పొరపాటున రక్తనాళంలోకి వెళ్తే అక్కడి చర్మం కుళ్లిపోవచ్చు, అరుదుగా చూపే పోవచ్చు. హయలురానిక్ ఆమ్లం ఫిల్లర్‌ను కరిగించే మందు ఉంది, కానీ అది ఆ గదిలోనే ఉండాలి, వెంటనే వేయగలిగే డాక్టర్ ఉండాలి.

ముందు-తర్వాత ఫొటోలు చూపిస్తారు కదా, వాటిని ఎలా చదవాలో నా వృత్తి నేర్పింది. పై నుంచి లైటు పడితే కళ్ల కింద సంచులు, ముక్కు పక్క గీతలు లోతుగా కనబడతాయి, ఎదురుగా రింగ్ లైటు పెడితే అవే మాయం. కాబట్టి రెండు ఫొటోలూ ఒకే లైటులో, ఒకే కోణంలో, మేకప్ లేకుండా ఉన్నాయా చూడండి. ముక్కుకైతే ఆపరేషన్ అయ్యి ఏడాది దాటిన ఫొటో అడగండి. మీలాంటి రంగు, మీలాంటి చర్మం ఉన్నవాళ్లవి అడగండి. నవ్వుతున్న ఫొటో తప్పకుండా అడగండి. కదలకుండా ఉన్న ముఖంలో దాగేది నవ్వినప్పుడు దాగదు: బుగ్గల్లో ఫిల్లర్ ఎక్కువైతే నవ్వినప్పుడు ముద్దలా పైకి లేచి కళ్లు మూసుకుపోతాయి, బొటాక్స్ (ముడతలు పోవడానికి కండరాలను సడలించే సూది మందు) ఎక్కువైతే కనుబొమలు కదలవు. ముఖం బిగించే ఆపరేషన్‌లో చర్మాన్ని మాత్రమే లాగితే నోటి మూలలు పక్కకు సాగి, చెవి తమ్మె కిందికి జారినట్టవుతుంది. చర్మం కింది కండర పొరను పట్టి ఎత్తి, పైన చర్మాన్ని లాగకుండా పరిస్తేనే సహజంగా ఉంటుంది. ఏ పొర దగ్గర పని చేస్తారని డాక్టర్‌ను అడగండి, అడిగే హక్కు మీకుంది. కంటి కింద కూడా ఇంతే, కొవ్వంతా తీసేస్తే కళ్లు గుంటలు పడి ఇంకో పదేళ్లు పైబడినట్టు కనబడతారు.

మన ప్రాంతం వాళ్లు డాక్టర్‌కు దాచకుండా చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. ఖైనీ, గుట్కా, గుండి, వీటిలో ఉన్నది నికోటినే. అది రక్తనాళాలను కుదించేస్తుంది, కోసిన చర్మానికి రక్తం అందక గాయం మానదు, మచ్చ వెడల్పవుతుంది. సిగరెట్ తాగను కదా అనుకుంటారు కానీ చెంపలో ఉన్న ఖైనీ కూడా లెక్కే. కనీసం ముందు నాలుగు వారాలు, తర్వాత నాలుగు వారాలు పూర్తిగా మానాలి. గుట్కా వల్ల నోరు సరిగ్గా తెరుచుకోకపోతే మత్తు డాక్టర్‌కు ఊపిరి గొట్టం వేయడమే కష్టం, ముందే చూపించండి. రెండోది సికిల్ సెల్, అంటే పుట్టుకతో వచ్చే ఒక రక్తపు జబ్బు. కొరాపుట్, రాయగడ వైపు ఇది ఎక్కువ, మత్తు ఇచ్చేటప్పుడు తెలియకపోతే ప్రమాదం. 2023లో కేంద్రం సికిల్ సెల్ మిషన్ మొదలుపెట్టాక ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్ష చేస్తున్నారు, చేయించుకుని కాగితం వెంట తీసుకెళ్లండి. మూడోది, రంగు తేలడానికి మెడికల్ షాపులో కొని ఏళ్ల తరబడి రాసుకునే స్టెరాయిడ్ క్రీములు. చర్మాన్ని పల్చన చేసేస్తాయి, సిగ్గుపడకుండా చెప్పండి. చెవి కుట్టిన చోటో పాత దెబ్బ మీదో పొంగు మచ్చ ఉంటే అదీ చూపించండి. ఆస్పిరిన్ లాంటి రక్తం పల్చబరిచే మందులు వాడుతుంటే వాటిని ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి, గుండె కోసం వాడేవాటిని మీ అంతట మీరు ఆపొద్దు.

తలనీలాల మొక్కు ఉన్నవాళ్లు కూడా ముందే చెప్పాలి. ముఖం బిగించే ఆపరేషన్‌లో కోతలు జుట్టులోకి దాస్తారు. ఆ తర్వాత సింహాచలంలోనో తిరుపతిలోనో గుండు చేయించుకుంటే ఆ గీతలన్నీ బయటపడతాయి. మొక్కు ముందు తీర్చుకోండి, లేదా కోత ఎక్కడ పెట్టాలో దానికి తగ్గట్టు మాట్లాడుకోండి. ముక్కుపుడక తీసేయాలి, మళ్లీ ఎప్పుడు పెట్టుకోవాలో డాక్టర్‌ను అడిగి పెట్టుకోండి.

పెళ్లికి ముందు తొందరపడి చేయించుకోకండి. ఒక అమ్మాయి ముహూర్తానికి మూడు వారాల ముందు ముక్కుకు చేయించుకుని నా దగ్గరకు వచ్చింది, కంటి కింద కమిలిన రంగు పచ్చగా మారి ఉంది, ముక్కు కొస ఉబ్బి ఉంది, ముట్టుకుంటే నొప్పి. ఎంత జాగ్రత్తగా వేసినా ఆల్బమ్‌లో ఆ వాపు పడింది. ముక్కుకైతే కనీసం ఆరు నెలలు, ఏడాది ఉంటే ఇంకా మంచిది. రెప్పలకు, ముఖం బిగింపుకు మూడు నెలలైనా ఇవ్వండి. ఫిల్లర్ అయితే నెల, బొటాక్స్ అయితే మూడు వారాలు. బొటాక్స్ ఎలాగూ మూడు నాలుగు నెలలే ఉంటుంది.

ఆపరేషన్ అయ్యాక మర్నాడే రైలెక్కి వచ్చేయకండి. ముక్కు కదలకుండా పైన పెట్టిన గట్టి పట్టీ, అదే స్ప్లింట్, వారానికి తీస్తారు, అప్పటిదాకా ఆ ఊళ్లోనే చుట్టాలింట్లోనో లాడ్జిలోనో ఉండండి. నేను విశాఖలో మా పెద్దమ్మ ఇంట్లో తొమ్మిది రోజులున్నాను. రెండో రోజు రాత్రి రక్తం కారితే అరగంటలో ఆసుపత్రిలో ఉన్నాను, అదే ఇక్కడ ఉండి ఉంటే ఘాట్ రోడ్డులో ఉండేదాన్ని. తల కింద రెండు దిండ్లు పెట్టుకుని పడుకోవాలి, రెండు వారాలు ముక్కు చీదకూడదు, కళ్లద్దాలు నాలుగు నుంచి ఆరు వారాలు దూలం మీద ఆనించకూడదు. కుట్ల మీద పసుపు, పసరు, నూనె ఏవీ పెట్టనివ్వకండి, ఇంట్లో పెద్దవాళ్లు ప్రేమతోనే తెస్తారు, అయినా వద్దనండి. ఎండలో తిరిగితే మచ్చ నల్లబడుతుంది, మన వైపు ఎండ సంగతి తెలిసిందే, టోపీ, గొడుగు, డాక్టర్ చెప్పినప్పటి నుంచి సన్‌స్క్రీన్. కుట్లు విప్పాక సిలికాన్ జెల్ రాయమంటారు, నెలల తరబడి రాయాలి.

డబ్బు సంగతి కూడా ముందే లెక్క వేసుకోండి. కేవలం అందం కోసం చేసే సర్జరీకి ఇన్సూరెన్స్ రాదు, పైగా 18 శాతం జీఎస్టీ పడుతుంది. ప్రమాదం, కాలిన గాయం, పుట్టుకతో వచ్చిన లోపం వల్ల చేసేదానికి ఆ పన్ను లేదు, అలాంటివి చాలా వరకు పాలసీలోకి వస్తాయి, కాబట్టి ప్రమాదం నాటి కాగితాలన్నీ దాచుకోండి. గ్రహణం మొర్రి ఉన్న పిల్లలకైతే స్మైల్ ట్రైన్ సంస్థతో కలిసి పనిచేసే ఆసుపత్రుల్లో ఆపరేషన్ ఉచితం. విశాఖ కేజీహెచ్‌లో, భువనేశ్వర్ ఎయిమ్స్‌లో కూడా ప్లాస్టిక్ సర్జరీ విభాగాలున్నాయి.

మొదటి నెల అద్దంలో కనిపించేది మీ కొత్త ముఖం కాదు, వాపు. మూడో వారంలో నేను ఏడ్చాను, ముక్కు పందిలా ఉందనిపించింది. మూడు నెలలకు చాలా వరకు దిగింది, కొస మాత్రం మన మందం చర్మానికి ఏడాది, కొందరికి ఏడాదిన్నర పడుతుంది. ఆరో నెలలో మా అక్క వచ్చి "ఏటే, ముఖం తేటగా ఉంది, బాగా నిద్రపోతన్నావా?" అంది, ముక్కు మాట ఎత్తలేదు. ఆ ఏడాదంతా నెలకొకసారి, అదే కిటికీ దగ్గర, అదే దూరం నుంచి ఫొటో తీయించుకుని డాక్టర్‌కు పంపుతూ ఉండండి, ప్రతిసారీ రైలెక్కే పని తగ్గుతుంది. ఎర్రబడి వేడిగా ఉన్నా, చీము, జ్వరం వచ్చినా, చూపు మసకబారినా ఫొటోలతో ఆగకుండా బయల్దేరండి. ఏడాది నిండాక కూడా ఏదైనా నచ్చకపోతే రెండో ఆపరేషన్ గురించి అప్పుడు అడగండి, అంతకుముందు ఎవరైనా మళ్లీ కోస్తామంటే ఒప్పుకోకండి.