చిన్న స్పోర్ట్ బైకు సంరక్షణ, మార్పులు – నాల్గవ పాఠం: చైను, స్ప్రాకెట్లు, గేరింగ్

గత పాఠాలలో ఇంజను ఆయిలు, కూలెంటు, బ్రేకుల పని పూర్తిచేసుకున్నాం. ఇంజనులో పుట్టిన శక్తి వెనక చక్రానికి చేరే దారి ఈ పాఠంలోని విషయం. మనం మొదటినుంచీ ఉదాహరణగా తీసుకుంటున్న యమహా ఆర్15 మన దేశంలో 2008లో వచ్చింది. అప్పటి ఇంజను 149.8 సీసీ, గరిష్ఠ శక్తి నిమిషానికి 8,500 చుట్ల దగ్గర 17 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి శక్తి కొలత). 2018లో వచ్చిన మూడవ రూపంలో ఇంజను 155 సీసీకి పెరిగింది, గరిష్ఠ శక్తి 10,000 చుట్ల దగ్గర 19.3 పీఎస్ అయింది. ఇంత చిన్న ఇంజనులో శక్తి అంతా పై చుట్లలోనే ఉంటుంది కాబట్టి, ఆ చుట్లను రోడ్డు మీది వేగంగా మార్చే చైనూ, అది చుట్టుకుని తిరిగే రెండు పళ్ళ చక్రాలూ (స్ప్రాకెట్లూ) బండి నడత మీద చూపే ప్రభావం, చాలామంది ముందుగా డబ్బు పెట్టే సైలెన్సరు కంటే ఎంతో ఎక్కువ. తక్కువ ఖర్చుతో, మళ్ళీ వెనక్కి తీసుకోగలిగిన విధంగా చేయదగిన మొదటి మార్పు ఇదేనని నా అభిప్రాయం. అయితే అరిగిన చైను మీద గేరింగ్ (రెండు స్ప్రాకెట్ల పళ్ళ నిష్పత్తి) మార్చితే ఏది మార్పు ఫలితమో, ఏది అరుగుదల ఫలితమో తెలియదు. అందుచేత ముందుగా ఉన్నదాన్ని కొలవడం, బాగుచేయడం నేర్చుకుని, ఆ తరువాతే మార్పులోకి వెళ్దాం.

ఈ తరగతి బళ్ళలో ఎక్కువగా కనిపించేవి 428, 520 అనే రెండు రకాల చైన్లు. ఆ అంకెలలోనే కొలత ఉంది. మొదటి అంకె, ఒక పిన్ను నుంచి తరువాతి పిన్నుకు ఉన్న దూరాన్ని అంగుళంలో ఎనిమిదో వంతుల లెక్కన చెబుతుంది. 428లో అది నాలుగు ఎనిమిదో వంతులు, అంటే 12.7 మి.మీ.; 520లో ఐదు ఎనిమిదో వంతులు, అంటే 15.875 మి.మీ. చైను పొడవు పెరగడానికి కారణం ఇనుప పలకలు సాగిపోవడం కాదు, పిన్నులూ వాటి చుట్టూ ఉండే బుష్‌లూ ఒకదానినొకటి అరగదీసుకోవడం. ఒక్కొక్క కీలు దగ్గర పదోవంతు మిల్లీమీటరు అరిగినా, 130 కీళ్ళున్న చైను 13 మి.మీ. పెరుగుతుంది. పొడవు పెరిగిన చైను స్ప్రాకెట్ పళ్ళ అడుగున కూర్చోలేక పై అంచులకు ఎక్కుతుంది, పళ్ళు ఒకవైపుకు వంకర తిరిగినట్టు అరుగుతాయి, అలా అరిగిన పళ్ళు కొత్త చైనును కూడా కొద్ది కాలంలోనే పాడుచేస్తాయి. చైనునూ రెండు స్ప్రాకెట్లనూ కలిపి కిట్టుగానే మార్చాలని అనుభవమున్న మెకానిక్కులు పట్టుబట్టడానికి కారణం ఇదే.

కొలిచే పద్ధతి సులభం. కింది వరుస చైనును బిగువుగా లాగి పట్టుకుని, ఏదో ఒక పిన్ను మధ్య నుంచి ఇరవై కీళ్ళు లెక్కపెట్టి, ఇరవయ్యో కీలు పిన్ను మధ్య వరకు స్టీలు స్కేలుతో కొలవండి. 428 చైను కొత్తదైతే 254 మి.మీ. రావాలి, 520 అయితే 317.5 మి.మీ. రావాలి. ఒక శాతం పెరుగుదల అంటే 428లో సుమారు 256.5 మి.మీ. మాన్యువల్‌లో మార్చవలసిన హద్దు ఇచ్చి ఉంటే దానినే పాటించాలి. ఇవ్వకపోతే, ఒక శాతం దాటగానే కొత్త కిట్టు వేయించడం మంచిదని నేను చెబుతాను. చైను అన్నిచోట్లా ఒకేలా అరగదు కాబట్టి, చక్రం తిప్పుతూ మూడు నాలుగు చోట్ల కొలిచి, అన్నిటికంటే ఎక్కువ వచ్చిన కొలతనే లెక్కలోకి తీసుకోండి. కొలత అవసరం లేని పరీక్ష ఇంకొకటి ఉంది. వెనక స్ప్రాకెట్‌కు సరిగ్గా వెనకవైపున ఉన్న చైనును పట్టుకుని బయటికి లాగినప్పుడు, పన్నులో సగం దాకా బయటపడితే ఆ చైను పని అయిపోయినట్టే.

శుభ్రం చేసే పనికి వచ్చేముందు ఒక హెచ్చరికను మనసులో గట్టిగా నిలుపుకోవాలి. బండిని స్టాండు మీద ఎత్తి, ఇంజను నడుస్తూ గేరులో ఉండగా, తిరుగుతున్న చైనుకు గుడ్డ గానీ బ్రష్షు గానీ అడ్డం పెట్టడం వల్ల ఎందరో వేళ్ళు పోగొట్టుకున్నారు. గుడ్డ చిక్కుకున్న క్షణంలోనే వేలు స్ప్రాకెట్‌లోకి వెళ్ళిపోతుంది. ఇంజను ఆపి, తాళంచెవి తీసి జేబులో వేసుకుని, బండిని న్యూట్రల్‌లో ఉంచి, చక్రాన్ని టైరు పట్టుకుని చేత్తోనే తిప్పండి. చిన్న స్పోర్ట్ బైకులలో చాలావాటికి మెయిన్ స్టాండు రాదు కనుక, వెనక చక్రాన్ని నేల నుంచి ఎత్తి నిలిపే ఒక ప్యాడాక్ స్టాండు కొనుక్కోవడం ఈ కోర్సు మొత్తానికీ ఉపయోగపడే ఖర్చు.

చైను పలకల మధ్య సన్నని నల్లటి రబ్బరు రింగులు కనిపిస్తున్నాయేమో చూడండి. ఉంటే, ఆ రింగులు పిన్ను లోపల ఫ్యాక్టరీలో పెట్టిన గ్రీజును బయటికి పోకుండా కాపాడుతుంటాయి. అలాంటి చైనుకు పెట్రోలు, థిన్నరు, ఇనుప బ్రష్షు వాడకూడదు, గట్టి నీటిధారతో వాటర్ వాష్ కూడా చేయించకూడదు. కిరసనాయిలు గానీ, రింగులకు హాని చేయదని డబ్బా మీద రాసి ఉన్న చైన్ క్లీనరు గానీ మెత్తటి బ్రష్షుతో రాసి, పొడిగుడ్డతో పూర్తిగా తుడిచి, ఆరనిచ్చిన తరువాతే లూబ్రికెంటు వేయాలి. స్ప్రే లేకపోతే 90 నంబరు గేర్ ఆయిలు చాలు. లూబ్రికెంటును కింది వరుస చైనుకు లోపలివైపు నుంచి, పలకల అంచుల దగ్గర పడేలా వేయండి, ఎందుకంటే చక్రం తిరిగేటప్పుడు నూనె బయటికే విసిరివేయబడుతుంది. వేసిన అరగంటకు పైన మిగిలినదాన్ని తుడిచేయాలి. పైపైన కనిపించే జిడ్డు చైనును కాపాడదు. అది రోడ్డు దుమ్మును పట్టుకుని, ఆ దుమ్ముతోనే స్ప్రాకెట్‌ను అరగదీస్తుంది. మామూలు రోజుల్లో 500 కి.మీ.లకు ఒకసారి ఈ పని సరిపోతుంది. వానలో నడిపిన రోజున మాత్రం ఇంటికి రాగానే తుడిచి నూనె వేయాలి, విశాఖపట్నం వంటి సముద్రతీర ఊళ్ళలో ఉప్పుగాలి వల్ల తుప్పు త్వరగా పడుతుంది కాబట్టి అక్కడివారు ఈ వ్యవధిని ఇంకా తగ్గించుకోవాలి.

ఇక లూజు, అంటే చైను ఎంత వదులుగా ఆడాలన్న విషయం. ఈ పాఠంలో అన్నిటికంటే నిదానంగా చదవవలసిన భాగం ఇదే. చైను బాగా టైటుగా ఉంటే బండి బాగా లాగుతుందన్న నమ్మకం మన షెడ్లలో ఎక్కువ, కానీ దానివల్ల జరిగే నష్టం లూజు చైను చేసే నష్టం కంటే పెద్దది. ముందు స్ప్రాకెట్ ఇంజనుకు ఉంది, వెనక స్ప్రాకెట్ చక్రంతోపాటు స్వింగ్‌ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఊగే చేయి) చివర కదులుతుంది, ఆ స్వింగ్‌ఆర్మ్ తిరిగే ఇరుసు మాత్రం ముందు స్ప్రాకెట్ మధ్యలో కాక, దానికి కొంచెం వెనకగా ఉంటుంది. ఈ మూడు కేంద్రాలూ ఒకే గీత మీదికి వచ్చినప్పుడు రెండు స్ప్రాకెట్ల మధ్య దూరం గరిష్ఠమవుతుంది, అంటే చైను అన్నిటికంటే బిగువుగా ఉండేది అప్పుడే. ఎవరూ ఎక్కకుండా నిలబెట్టిన బండిలో ఆ స్థితి ఉండదు. మనిషి కూర్చుని, వెనక ఇంకొకరు ఎక్కి, చక్రం గుంతలో పడి సస్పెన్షన్ నొక్కుకున్నప్పుడు వస్తుంది. నిలబెట్టినప్పుడే బిగువుగా ఉన్న చైనుకు ఆ సమయంలో ఇవ్వడానికి ఏమీ మిగలదు, ఆ లాగుడంతా గేర్‌బాక్సు బయటి షాఫ్టు బేరింగు మీదా, వెనక హబ్ బేరింగుల మీదా పడుతుంది. మన రోడ్ల మీద స్పీడ్ బ్రేకర్లు ఎన్ని ఉంటాయో తెలిసినవారికి ఈ లాగుడు రోజుకు ఎన్నిసార్లు పడుతుందో వేరే చెప్పనవసరం లేదు.

కనుక స్వింగ్‌ఆర్మ్ మీది స్టిక్కరులో గానీ మాన్యువల్‌లో గానీ ఇచ్చిన లూజును, అందులో చెప్పిన స్థితిలోనే కొలవాలి. కొన్ని బళ్ళకు సైడ్ స్టాండు మీద కొలవమంటారు, కొన్నిటికి చక్రం ఎత్తి కొలవమంటారు. ఈ తరగతి బళ్ళకు సాధారణంగా 20 నుంచి 40 మి.మీ. మధ్యలో ఒక పరిధి ఇస్తారు. కింది వరుస మధ్యలో వేలితో చైనును పైకి నెట్టి, కిందికి లాగి, ఆ రెండు స్థానాల మధ్య దూరాన్ని చూడండి. చక్రం తిప్పుతూ పోతే ఒకచోట లూజు తగ్గుతుంది. సర్దుబాటు ఆ బిగువైన చోటునే చేయాలి. వెనక చక్రం యాక్సిల్ నట్టును వదులు చేసి, రెండువైపులా అడ్జస్టరు బోల్టులను పావు చుట్టు చొప్పున సమానంగా తిప్పుతూ రండి. స్వింగ్‌ఆర్మ్ మీద చెక్కిన గీతలు ప్రతి బండిలోనూ నమ్మదగినవి కావు కాబట్టి, స్వింగ్‌ఆర్మ్ తిరిగే ఇరుసు మధ్య నుంచి వెనక చక్రం యాక్సిల్ మధ్య వరకు టేపుతో రెండువైపులా కొలిచి, రెండు కొలతలూ సమానంగా వచ్చేలా చూడండి. నట్టు బిగిస్తే లూజు కొద్దిగా మారుతుంది, అందుచేత మాన్యువల్ చెప్పిన టార్క్‌కు టార్క్ రెంచితో బిగించిన తరువాత మరొకసారి కొలిచి, అప్పుడే పని ముగించాలి.

ఇప్పుడు గేరింగ్ మార్పు. మీ బండిలో ముందు 14 పళ్ళు, వెనక 48 పళ్ళు ఉన్నాయనుకుందాం. 48ని 14తో భాగిస్తే 3.43 వస్తుంది, అంటే వెనక చక్రం ఒకసారి తిరగడానికి ముందు స్ప్రాకెట్ 3.43 సార్లు తిరగాలి. ముందు స్ప్రాకెట్‌ను 13 పళ్ళదిగా మార్చితే నిష్పత్తి 3.69 అవుతుంది, అంటే 7.7 శాతం పెరుగుతుంది. 15 పళ్ళదిగా మార్చితే 3.20 అయి 6.7 శాతం తగ్గుతుంది. లెక్క సులభంగా ఉండేందుకు, ఆరవ గేరులో 7,000 చుట్ల దగ్గర బండి 100 కి.మీ. వేగంతో పోతుందనుకుంటే, అదే వేగానికి 13 పళ్ళతో సుమారు 7,540 చుట్లు, 15 పళ్ళతో సుమారు 6,530 చుట్లు కావాలి. ఈ మార్పు ఇంజను శక్తిని ఒక్క పీఎస్ కూడా పెంచదు. ఉన్న శక్తి ఏ వేగంలో చేతికి అందుతుందన్నదే మారుతుంది.

ముందు ఒక పన్ను తగ్గిస్తే చక్రం దగ్గర లాగుడు బలం ప్రతి గేరులోనూ 7.7 శాతం పెరుగుతుంది. అనంతగిరి మీదుగా అరకు ఎక్కేవారికి, శ్రీశైలం ఘాటులో ఇద్దరితో నడిపేవారికి మలుపు తరువాత గేరు తగ్గించే అవసరం కొంత తగ్గుతుంది. హైదరాబాద్, విజయవాడల మధ్య హైవే మీదే ఎక్కువగా తిరిగేవారికి ఇదే మార్పు విసుగు తెప్పిస్తుంది, ఎందుకంటే ఇంజను రోజంతా పై చుట్లలో మోగుతుంది, పెట్రోలూ ఎక్కువ తాగుతుంది. దీనికి విరుగుడుగా 15 పళ్ళు వేస్తే గరిష్ఠ వేగం పెరుగుతుందనుకోవడం చాలామంది చేసే పొరపాటు. గరిష్ఠ వేగాన్ని చివరికి నిర్ణయించేది గాలి నిరోధం. ఆ గాలిని చీల్చడానికి కావలసిన శక్తి 150 సీసీ ఇంజనుకు పై చుట్లలోనే ఉంటుంది. 15 పళ్ళతో వచ్చే పొడవు గేరింగుతో (తక్కువ నిష్పత్తితో) ఆరవ గేరులో ఆ చుట్లను అందుకోలేక, ఎదురుగాలి ఉన్న రోజున బండి ఇదివరకటి కంటే తక్కువ వేగంలోనే నిలిచిపోవచ్చు.

వెనక స్ప్రాకెట్ మార్చి కూడా ఇదే ఫలితం తెచ్చుకోవచ్చు. ముందు ఒక పన్ను తగ్గించినదానికి సమానంగా రావాలంటే వెనక దాదాపు నాలుగు పళ్ళు పెంచాలి, అంటే 52. ముందుది చవక, మార్చడం తేలిక, యాక్సిల్ దాదాపు 3 మి.మీ. వెనక్కి జరిపితే పాత చైనే సరిపోతుంది. వెనకది ఖరీదు, పైగా యాక్సిల్ 13 నుంచి 14 మి.మీ. ముందుకు రావాలి కాబట్టి ఆ స్థలం లేకపోతే పొడవైన చైను కొనాలి. అయినా ఎక్కువకాలం ఉంచుకోదలచినవారు వెనకదే మార్చాలని నా సలహా. చిన్న స్ప్రాకెట్ చుట్టూ చైను ఎక్కువగా వంగవలసి వస్తుంది, ప్రతి కీలు ఎక్కువ కోణంలో తిరిగి త్వరగా అరుగుతుంది, స్వింగ్‌ఆర్మ్ మీది రబ్బరు గార్డుకు కూడా చైను మరింత దగ్గరగా వచ్చి రాసుకుంటుంది. దీనికి తోడు స్ప్రాకెట్ నిజానికి వృత్తం కాక బహుభుజి కావడం వల్ల చైను వేగం ప్రతి పన్నుకూ కొద్దిగా హెచ్చుతగ్గులవుతుంది. ఆ తేడా 15 పళ్ళకు 2.2 శాతం ఉంటే, 13 పళ్ళకు 2.9 శాతం. కొన్ని వారాలపాటు 13 పళ్ళతో నడిపి చూసి, ఆ గేరింగు నచ్చిందని తేలాక, పాత కిట్టు ఆయుష్షు తీరినప్పుడు 14, 52 పళ్ళ కిట్టు వేయించుకోవడం తెలివైన మార్గం.

ముందు స్ప్రాకెట్ విప్పేటప్పుడు ఒక క్రమం పాటించాలి. చైను తీయకముందే, వెనక బ్రేకు ఎవరిచేతనైనా తొక్కించి స్ప్రాకెట్ నట్టు వదులు చేయండి. చైను తీశాక దాన్ని పట్టి ఉంచేది ఏదీ ఉండదు. లాక్ వాషరు వంచి ఉంటే ముందు దాన్ని సరిచేయాలి, తిరిగి బిగించేటప్పుడు కొత్త వాషరే వాడాలి. చైను లాకు క్లిప్పు ఉన్న రకమైతే, క్లిప్పు మూసి ఉన్న కొన చైను కదిలే దిశవైపే, ముందుగా ఉండాలి. వెనక చక్రం ఎలాగూ విప్పుతారు కనుక హబ్ రబ్బర్లను (స్ప్రాకెట్‌కూ చక్రానికీ మధ్య కుదుపును తగ్గించే ముక్కలను) కూడా చూడండి, అవి నలిగిపోయి ఉంటే కొత్త చైనుకూ కుదుపు తప్పదు.

స్పీడోమీటరు సెన్సరు ముందు చక్రం దగ్గర ఉన్న బళ్ళలో ఈ మార్పు వల్ల మీటరు తేడా చూపదు. గేర్‌బాక్సు దగ్గర సెన్సరు ఉంటే, 13 పళ్ళు వేసిన తరువాత మీటరు అసలు వేగం కంటే 7.7 శాతం అదనంగా చూపుతుంది, కిలోమీటర్ల లెక్క కూడా అదే మేరకు పెరుగుతుంది, కాబట్టి ఆయిలు మార్పు వ్యవధిని ఆ తేడాతో సరిచేసుకోవాలి. వారంటీలో ఉన్న బండికైతే ఈ మార్పు చేసేముందు షోరూములో అడిగి తెలుసుకోండి.

వచ్చే పాఠం వెనక సస్పెన్షన్, టైర్ల గురించి. దానికి ముందు చేయవలసిన పని ఇది: మీ చైనులో ఇరవై కీళ్ళ పొడవు, బిగువైన చోటా వదులైన చోటా లూజు, రెండు స్ప్రాకెట్ల పళ్ళ సంఖ్య, ఆరవ గేరులో 60, 80 కి.మీ. వేగాల దగ్గర ఇంజను చుట్లు ఒక నోటుబుక్కులో తేదీతో రాసుకోండి. లూజును మీరు ఎక్కి కూర్చున్నాక ఇంకొకరిచేత మరోసారి కొలిపించి, ఆ కొలతనూ పక్కనే రాయండి. సస్పెన్షన్ ఎంత కుంగుతోందో లెక్కించేటప్పుడు ఆ రెండు కొలతలూ మనకు కావాలి.